కోనసీమ బురదలో, ఉప్పుగాలిలో స్టీల్ బంపర్లు: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

బండి చూసిన ప్రతి ఒక్కళ్ళూ మొదట అడిగేది "ఎన్ని ఎం.ఎం ప్లేటు వేయించారండీ" అనే. నన్నడిగితే అది చివర్లో అడగాల్సిన ప్రశ్న అండి. బంపర్ బండి కింది చట్రానికి, అదే చాసిస్‌కి ఎలా పట్టింది, లోపలికెళ్ళిన నీళ్ళు ఎటు పోతాయి, కనపడని వెనక వైపు రంగు సరిగ్గా వేశారా లేదా, మన గోదారి జిల్లాల్లో ముందు ఈ మూడూ చూడాలి. ప్లేటు మందం చూసి మురిసిపోయినవాళ్ళ బంపర్లు రెండు వానాకాలాలు తిరిగేసరికి లోపల్నుంచి పొరలు పొరలుగా రాలిపోవడం నేను కళ్ళారా చూశాను.

నాది పాత మహీంద్రా థార్ జీపు, సీఆర్‌డీఈ డీజిల్, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే 4x4, 2015లో కంపెనీ మార్పులు చేశాక వచ్చిన మోడలు. సస్పెన్షన్‌కి ముందు టార్షన్ బార్ (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ), వెనక కమాను కట్టలు, ఎయిర్‌బ్యాగులు లేవు. ఈ ఎయిర్‌బ్యాగుల సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్ళీ దాని గురించి చెప్పాలి. మాది రాజోలు పక్కన, కొబ్బరి తోట, కొంత రొయ్యల సాగు. అంటే బండి రోజూ తిరిగేది చెరువు గట్ల మీద, పుంత రోడ్లలో, వరద తీసాక గోదారి లంకల్లో. చలికాలం ఫ్రెండ్స్‌తో కలిసి మారేడుమిల్లి వైపు అడవి దారులకి వెళ్తాం, అక్కడ రాళ్ళు, వాగులు. ఈ రెండు చోట్లా బంపర్ మీద పడే పని పూర్తిగా వేరు. ఇంటర్నెట్‌లో వీడియోలన్నీ రాళ్ళ గురించే ఉంటాయి, మన ఒండ్రు మట్టి గురించి ఎవడూ చెప్పడు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

కంపెనీ ప్లాస్టిక్ బంపర్ ఎందుకు తీసేశానంటే, గట్టు దిగేటప్పుడు కొబ్బరి మొద్దుకి తగిలి ఒక మూల పగిలింది, క్లిప్పులు ఊడిపోయి వేలాడేది. అది పెద్ద విషయం కాదు, ప్లాస్టిక్ మళ్ళీ కొనుక్కోవచ్చు. అసలు కారణం లాగుడు. నల్ల బురదలో ఇరుసు దాకా దిగబడిన బండిని లాగాలంటే ఆ బురద పట్టే పట్టు మామూలుగా ఉండదు, కంపెనీ హుక్కుల మీద అంత భారం వేయడం నాకు ఇష్టం లేదు. చాసిస్‌కి నేరుగా పట్టిన షాకిల్ (తాడు తగిలించే యూ ఆకారపు ఇనుప కడియం) పాయింట్లు కావాలి, అవి పెట్టడానికి బంపర్ కావాలి, అంతే. అందం కోసం మాత్రం చేయించలేదు.

రావులపాలెం వైపు ఒక వెల్డింగ్ షెడ్డులో చేయించాం. మేస్త్రి మంచి పనివాడు, చెయ్యి చాలా శుభ్రం, కానీ అందర్లాగే "ఆయ్, ఆరు ఎం.ఎం ఏసేద్దామండి బాబూ, లారీ గుద్దినా బంపరు చెక్కు చెదరదు" అన్నాడు. బంపరు చెక్కు చెదరకపోతే ఆ దెబ్బంతా చాసిస్‌కీ లోపల కూర్చున్న మనకీ వస్తుంది కదా మేస్త్రీ అన్నాను. పైగా బరువు లెక్క చూడండి, ఇనుము ప్లేటు చదరపు మీటరుకి ఒక్కో ఎం.ఎం మందానికి 7.85 కేజీలు. అంటే చదరపు మీటరు ప్లేటు 3 ఎం.ఎం అయితే 23.5 కేజీలు, 4 అయితే 31.4, అదే 6 అయితే 47 కేజీలు దాటుతుంది. వెడల్పు బంపరుకి మడతలూ పక్క రెక్కలూ అన్నీ కలిపితే ప్లేటు చదరపు మీటరు పైనే పడుతుంది, దాని మీద పైపులు, వించ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు), అది కూర్చునే తొట్టి. చివరికి మేం తేల్చుకున్నది ఏంటంటే వించ్ కూర్చునే మధ్య భాగం 4 ఎం.ఎం, పక్క రెక్కలు 3 ఎం.ఎం, చాసిస్‌కి పట్టే ప్లేట్లు 10 ఎం.ఎం, షాకిల్ తగిలించే చెవులు 20 ఎం.ఎం. మందం ఎక్కడ కావాలో అక్కడ పెట్టి మిగతా చోట తగ్గించాం. ఇన్నేళ్ళలో ఆ 3 ఎం.ఎం రెక్క మారేడుమిల్లి రాళ్ళకి రెండు చోట్ల నొక్కుకుంది గానీ చిరగలేదు, నాకు అది చాలు.

షాకిల్ చెవి గురించి ఒక్కమాట. దాన్ని బంపర్ ముఖం మీద అతికించి వదిలేస్తారు చాలామంది, బయటికి భలే ఉంటుంది కానీ లాగినప్పుడు బలమంతా ఆ ఒక్క వెల్డు మీదే పడుతుంది. మాది ముఖం ప్లేటుకి చీలిక కోసి చెవిని లోపలికి దూర్చి, ముందూ వెనకా రెండు వైపులా వెల్డ్ చేసి, దాని తోకని చాసిస్ ప్లేటుకి కలిపాం. ముప్పావు అంగుళం బో షాకిల్ వాడతాను, దాని మీద 4.75 టన్నులు అని అచ్చు వేసి ఉంటుంది, అది లేని షాకిల్ ఎంత చవకగా వచ్చినా కొనకండి. చాసిస్‌కి వెల్డింగ్ మాత్రం అస్సలు ఒప్పుకోకండి, అంతా బోల్టులే. బోల్టు తల మీద దాని బలం చెప్పే నంబరు 8.8 గానీ 10.9 గానీ ఉండాలి. తుప్పు పట్టదు కదా అని స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తామంటారు, హార్డ్‌వేర్ షాపులో మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్‌కి 8.8 అంత బలం ఉండదు, లాగుడు భారం పడే చోట అవి వద్దు. నేను మామూలు హై టెన్సైల్ బోల్టులే గ్రీజు పూసి వేసి, తుప్పు తేలగానే మార్చేస్తాను, నాలుగు బోల్టుల ఖర్చు ఎంతని.

వించ్ 9500 పౌండ్లది, అంటే 4,300 కేజీల చిల్లర. బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు ఉండాలనేది అందరూ పాటించే లెక్క, బురదలో అయితే ఆ పైన ఎంత ఉన్నా మంచిదే. మొదట స్టీలు తాడుతో వచ్చింది, ఉప్పునీటి చెరువుల దగ్గర అది కొద్ది నెలల్లోనే ముళ్ళు ముళ్ళుగా లేచిపోయింది, సింథటిక్ తాడు వేశాక పది కేజీల దాకా బరువు కూడా తగ్గింది. సింథటిక్‌కి ఇసుక పడదు, నారల మధ్యలోకి దూరి లోపల కోసేస్తుంది, అందుకని పని అయ్యాక పూర్తిగా విప్పి మంచినీళ్ళ బకెట్‌లో జాడించి నీడలో ఆరబెడతాను.

ఇంత బరువు పడ్డాక ముందు భాగం కుంగింది, కుంగకుండా ఎలా ఉంటుంది. ఈ మోడల్లో టార్షన్ బార్ బోల్టులు బిగిస్తే ఎత్తు తిరిగొస్తుంది కానీ బార్ గట్టిపడదు, వీల్ కిందికి దిగే దూరం తగ్గిపోతుంది, బాగా బిగిస్తే గతుకుల్లో బండి ఎగిరెగిరి పడుతుంది, చక్రాలకి పవర్ తీసుకెళ్ళే డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్ల మీద కూడా భారం. నేను పోయిన ఎత్తులో సగం పైన తెచ్చుకుని ఆపేసి వీల్ అలైన్‌మెంట్ చేయించాను. బ్రేకు వేస్తే ముక్కు ఇదివరకటి కంటే ఎక్కువ వంగుతుంది, అది ఇప్పటికీ ఉంది. మెత్తటి మట్టిలో తేడా బాగా తెలుస్తుంది, ముందు చక్రాలు త్వరగా దిగుతాయి. రాళ్ళల్లో తిరిగేవాడికి ఈ బరువు పెద్ద బాధ కాదు, మనకి బాధే. అందుకే డెల్టాలో తిరిగే బండికి, ముందు బంపర్ వీలైనంత తేలిగ్గా చేయించుకోండి, వించ్ నిజంగా అవసరమైతేనే పెట్టుకోండి అని అడిగిన ప్రతివాడికీ చెప్తున్నా.

ఇప్పుడు తుప్పు. అసలు కథ ఇదే. అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలోనే ఉప్పు ఉంటుంది, దానికి తోడు చెరువుల ఉప్పునీళ్ళు. మొదట పౌడర్ కోటింగ్ చేయించాం, నల్లగా మ్యాట్ ఫినిష్‌లో కొత్తగా ఉన్నప్పుడు చూడముచ్చటగా ఉంది. రెండో వానాకాలం అయ్యేసరికి అంచుల దగ్గర పొక్కులు లేచాయి. గోరుతో గీకితే కోటింగు అట్టలా ఊడొచ్చింది, కింద అంతా ఎర్రగా ఉంది. కారణం ఏంటంటే పదునైన అంచు మీద ఏ కోటింగైనా పల్చబడుతుంది, అక్కడ ఒక చిన్న రాయి దెబ్బ తగిలితే చాలు, ఉప్పునీళ్ళు దాని కిందకి పాకుతాయి, పైపొర గట్టిగా ఉండటంతో లోపల ఏం జరుగుతుందో మనకి కనపడదు. తర్వాత మొత్తం విప్పి, సాండ్ బ్లాస్టింగ్ చేయించి, అంచులన్నీ గ్రైండర్‌తో గుండ్రంగా తీసి, వెల్డుల మీద మిగిలిన స్లాగ్, అదే చిట్టెం, చిన్న చుక్క కూడా లేకుండా కొట్టించి, జింక్ ఎక్కువుండే ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేయించాను. ఇప్పుడు ఎక్కడైనా దెబ్బ తగిలితే ఇంట్లోనే రుద్ది బ్రష్‌తో టచప్ చేసుకుంటాను. పౌడర్ కోటింగ్‌కి ఆ వీలు లేదు, ఓవెన్‌లో కాల్చాల్సిన సరుకు అది. గాల్వనైజింగ్ కూడా ఆలోచించాను, 450 డిగ్రీల కరిగిన జింకులో ముంచుతారు, పల్చటి వెడల్పు ప్లేటు ఆ వేడికి వంకర తిరగొచ్చు, ఒకసారి బోల్టు కన్నాలు జరిగితే మళ్ళీ చాసిస్‌కి కూర్చోదు, అందుకని వదిలేశాను.

రంగు కంటే నీళ్ళు పోయే కన్నాలు ఇంకా ముఖ్యం. బంపర్‌లో ఎక్కడ నీళ్ళు ఆగుతాయో చూసి, ప్రతి గదికీ కింద 12 ఎం.ఎం డ్రైన్ హోల్ పెట్టించండి, చిన్న కన్నం పెడితే బురదకి పూడుకుపోతుంది. పైపు చివర్లు మూసేస్తే పూర్తిగా గాలి చొరకుండా మూసేయాలి, లేదంటే బాగా తెరిచి ఉంచాలి, సగం సగం మూసిన పైపంత ప్రమాదం ఇంకోటి లేదు, లోపలికెళ్ళిన ఉప్పునీళ్ళు నెలల తరబడి అక్కడే ఉంటాయి. వరద తీసాక తిరిగినప్పుడైతే గుర్రపుడెక్క వేర్లు, ఒండ్రు అన్నీ ఆ మూలల్లో ఇరుక్కుని తడి పట్టుకుని ఉంటాయి. పైపు పెట్టి కింద నుంచి పైకి కడగాలి, పైనుంచి కొడితే ఇంకా లోపలికే పోతుంది.

వెనక బంపర్ దగ్గరికొస్తే, రెండిట్లో ఒక్కటే చేయించుకోవడానికి డబ్బులుంటే నేను వెనకదే చేయించుకోమంటాను. ఇది వినగానే మా బావతో సహా అందరూ ఆశ్చర్యపోతారు, ముందుదే కదా కనపడేది అని. కానీ ఆలోచించండి, బురదలో ముందుకెళ్ళి ఇరుక్కున్న బండిని ఎటు లాగుతాం, వచ్చిన దారిన వెనక్కే కదా, అటువైపే గట్టి నేల ఉంటుంది. ఇంకొకళ్ళ బండి లాగాలన్నా మన వెనక షాకిలే పనికొస్తుంది. 2022 జులై వరద, ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాటి ఇంకా ఎంతో పైకి పోయిన వరద, అది తీసాక లంకల దారుల్లో మోకాలి లోతు ఒండ్రు. పశువుల దాణా తీసుకెళ్తున్న ఒక ట్రక్ ఆటో కాజ్‌వే దిగగానే పక్కకి జారి దిగబడింది, ట్రాక్టర్ వచ్చేదాకా ఆగే పరిస్థితి కాదు, మన బండి గట్టి నేల మీద పెట్టి వెనక షాకిల్‌కి తాడు కట్టి, లో రేంజ్ గేరులో మెల్లగా, కుదుపు లేకుండా లాగితే వచ్చేసింది. ఆ రోజు ముందు వించ్ అసలు వాడనే లేదు. ట్రైలర్ తగిలించే టో బాల్‌కి మాత్రం తాడు ఎప్పుడూ తగిలించకండి, అది విరిగితే తుపాకీ గుండే, పక్కనున్న మనిషి ప్రాణం పోతుంది.

స్పేర్ టైరు కూడా వెనక తలుపు మీంచి తీసేసి బంపర్ మీద పక్కకి తెరుచుకునే స్వింగ్ క్యారియర్‌కి మార్చాను, పెద్ద టైరు బరువుకి తలుపు రేకు అలసిపోయే బాధ తప్పింది. దాని కీలు దగ్గర గ్రీజు నిపిల్ పెట్టించుకోండి, అది లేకపోతే ఉప్పుగాలికి పిన్ను పట్టేసి సుత్తితో కొట్టాల్సి వస్తుంది. లాచ్ దగ్గర రబ్బరు అరిగినప్పుడల్లా టకటక చప్పుడు, దానికి మందు లేదు, రబ్బరు మార్చుకుంటూ ఉండటమే.

బంపర్ మూలలు పైకి కోయించడం కూడా మర్చిపోవద్దు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) ఎక్కి నర్సాపురం వెళ్ళేవాళ్ళకి తెలుస్తుంది, ఆటు మీద నీళ్ళు తగ్గినప్పుడు రేవు బాగా ఏటవాలుగా ఉంటుంది, కిందకి వేలాడే బంపర్ అయితే పంటు చెక్కలకి గీరుకుంటుంది. మాది ఇంతవరకూ తగల్లేదు.

ముందు వైపు గుండ్రటి గార్డు పైపు, అదే బుల్ బార్, నేను పెట్టించలేదు. మన ఊళ్ళల్లో రోడ్డంటే సైకిళ్ళు, స్కూలు పిల్లలు, గేదెలు, అరుగుల మీద ముసలివాళ్ళు. ఎవరికైనా బండి తగిలితే ప్లాస్టిక్ నొక్కుకుని ఆ మనిషికి కొంతైనా దెబ్బ తగ్గిస్తుంది, ఇనుప పైపు తగ్గించదు. ఇనుము పెట్టుకున్నాక ఊళ్ళో మెల్లగా వెళ్ళాల్సిన బాధ్యత మన మీద ఇంకా ఎక్కువ ఉంది. 2020లో వచ్చిన కొత్త థార్ వాళ్ళు ఇంకా ఆలోచించాలి, దానికి ఎయిర్‌బ్యాగులున్నాయి, ముందు భాగం నలిగే తీరుని బట్టి అవి తెరుచుకునేలా తయారుచేస్తారు, మధ్యలో గట్టి ఇనుము పెడితే ఆ లెక్క మారిపోవచ్చు. పైగా దాని అప్రోచ్ యాంగిల్, అంటే ముందు బంపర్ తగలకుండా ఎక్కగలిగే ఏటవాలు, కంపెనీ నుంచే 41.8 డిగ్రీలు, ముందు బంపర్ కోసం అంత కంగారు పడాల్సిన అవసరమే లేదు.

చట్టం సంగతి దాచకుండా చెప్పాలి. క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకి రాసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా మార్పులు చేయకూడదు, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది. ఆఫ్‌రోడ్‌కి అని చెప్పినా రోడ్డు మీద ఆపితే ఆ మాట చెల్లదు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే రాతపూర్వకంగా చెప్పండి, చెప్పకుండా ఉంటే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టడానికి వాళ్ళకి అది చాలు. నేను హైవే మీద దూరాలు వెళ్ళాల్సినప్పుడు, ఊరి పనులకే బండి తీసే నెలల్లో, ముందుది విప్పేసి కంపెనీదే పెట్టుకుంటాను. అన్నీ బోల్టులే కాబట్టి ఇద్దరు మనుషులుంటే ఒక పూట పని.

వించ్ కాకుండా రెండు బంపర్లకీ, టైర్ క్యారియర్‌కీ, రెండుసార్ల రంగుకీ కలిపి అరవై వేల దాకా అయింది. తేలిగ్గా, వించ్ లేకుండా, వెనకది ఒక్కటే అయితే అందులో సగం లోపే తేలుతుంది. కంపెనీ బంపరు, దాని బ్రాకెట్లు, క్లిప్పులు మాత్రం పాత ఇనుము వాడికి ఇవ్వకండి, మూట కట్టి అటక మీద పెట్టండి, పదిహేనేళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి బండి తీసుకెళ్ళేటప్పుడు అవే కావాలి.