బీఫ్ నూడుల్ సూప్‌కి దౌబాన్‌జియాంగ్: చాన్నాళ్ళు వాడినాక చెప్తున్నా

సూప్ ఎట్లా చేయాలో వీడియోలు బోలెడున్నాయి, అదంతా వదిలేస్తున్నా. నేను రాసేది ఒక్క దౌబాన్‌జియాంగ్ అనే చైనా మిర్చి పేస్ట్ గురించే. ఇంట్లో చేసుకునే కారం బీఫ్ నూడుల్ సూప్‌కి ప్రాణం అదే, అది మంచిదైతే మిగతావి కొంచెం అటూఇటూ అయినా నడుస్తది, అది బాగోలేకపోతే ఎంత మంచి పెద్ద కూర (బీఫ్) తెచ్చినా వేస్టే. అసలీ సూప్ తైవాన్‌ది. 1949 తర్వాత చైనా నుంచి అక్కడికి వచ్చిన సైనికుల కుటుంబాలు చైనాలోని సిచువాన్ రాష్ట్రం రుచి మర్చిపోలేక మొదలుపెట్టారని చెప్తారు. ఈ పేస్ట్ ఆ సిచువాన్‌దే. అంటే ముందు పేస్ట్, తర్వాతే సూప్.

చూడ్డానికి మన పండుమిర్చి పచ్చడిలాగే ఉంటది గానీ ఇందులో చింతపండు పులుపు ఉండదు. మిర్చితో పాటు ఒక రకం పెద్ద చిక్కుడు గింజలు ఉప్పేసి నెలలకొద్దీ పులియబెడతారు. సిచువాన్‌లో పిషియన్ అనే చోట చేసేది ఫేమస్, అక్కడ ఏడాది పైన కూడా ఊరబెడతారు. నేను పడిపోయింది మాత్రం ఆ ఎర్ర నూనెకి. సన్నమంట మీద రెండు స్పూన్లు వేసి తిప్పుతుంటే ముందు చిటపటమని తడి పోతది, తర్వాత గింజ పలుకులు విడిపోయి నూనె మొత్తం ఎర్రగా తిరుగుతది, అప్పుడు అల్లం వెల్లుల్లి వేస్తే హాల్లో ఉన్నోళ్ళు కిచెన్‌లోకి వచ్చేస్తారు. కుక్కర్‌లో అంతసేపు ఉడికినాక గిన్నెలో పోసినా ఆ నూనె చుక్కలు చుక్కలుగా పైన తేలుతూనే ఉంటది, డిసెంబర్ చలిలో దాన్ని చూస్తేనే సగం ఆకలి తీరుతది.

పోయిన చలికాలంలో మాత్రం మస్తు కోపం వచ్చింది. అన్నా వదినా వస్తున్నారని డబ్బా ఆర్డర్ పెడితే స్టాక్ లేదని యాప్ వాళ్ళు ఇంకోటి పంపారు, పేరు చిల్లీ బీన్ సాస్, రంగు కూడా దగ్గరదగ్గర అదే. నూనెలో వేయగానే అడుగంటడం మొదలైంది. ఎర్ర నూనె ఏదీ, రానే రాలేదు, గోధుమరంగు ముద్దలాగా మూకుడుకి పట్టేసింది. లేబుల్ చూస్తే చక్కెర, సోయా, కార్న్ స్టార్చ్, చిక్కుడు గింజ పేరే లేదు. అప్పటికే మాంసం కుక్కర్‌లో రెడీ, వాళ్ళు లిఫ్ట్ ఎక్కేశారు. గుంటూరు కారం రెండు స్పూన్లు దట్టించా, కారమైతే వచ్చింది గానీ ఆ లోతు రాలేదు. అన్న రెండు ముద్దలు తిని "ఏందే, ఇయ్యాల తియ్యగున్నది?" అన్నాడు. తెరిచిన డబ్బా వాపస్ తీసుకునేది లేదన్నారు యాప్ వాళ్ళు, డబ్బులు రాలేదు. అప్పటి నుంచి లేబుల్ మీద మిర్చి, చిక్కుడు గింజలు, ఉప్పు, గోధుమ పిండి ఉన్నాయా అని చూసే తీసుకుంటున్నా.

ఇదొక్కటుంటే చాలని ఇంతకుముందు అందరికీ చెప్పేదాన్ని, ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మెత్తటి ముక్కలేస్తే కారం గొంతులోకి జారిపోతది అంతే, నాలుక మీద నిలవదు. పిక్క మాంసం, నల్లి బొక్క కావాలి, నిహారీకి అని చెప్తే మా షాపు భాయ్ సరిగ్గా అదే కోసిస్తాడు. ఆ జిగురు, ఈ పేస్ట్ కలిస్తేనే అసలు మజా. ఉప్పు కూడా ఎక్కువే, సోయా సాస్ ఎలాగూ పడ్తది కాబట్టి నేను విడిగా చిటికెడు కూడా వేయను, అయినా బీపీ ఉన్న మా అమ్మకి ఇది పెట్టను, ఆమెకి మిరియాల చారు వేరే.

తీసుకోవచ్చా అంటే, మా ఇంట్లో కారం తినేవాళ్ళు ఎక్కువ, చలికాలమంతా ఏదో ఒక వీకెండ్ ఈ సూప్ ఉంటది, కాబట్టి నాకు పెద్ద డబ్బా కూడా అయిపోతది. తడి స్పూన్ తగలకుండా ఫ్రిజ్‌లో పెడితే నెలలు నిలుస్తది. ఎప్పుడో ఒకసారి చేసుకునేవాళ్ళు మాత్రం ముందు చిన్నది తెచ్చుకోండి.