హోండా ఎస్800 రేస్ కారు: కొన్నేళ్లు నడిపాక నా అభిప్రాయం

మారుతి 800 నడిపినవాళ్లకు ఈ లెక్క వెంటనే అందుతుంది. మన మారుతి ఇంజన్ 796 సీసీ. టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 59 న్యూటన్ మీటర్లు, పవర్ దాదాపు 37 హార్స్‌పవర్. 1966లో వచ్చిన హోండా ఎస్800 ఇంజన్ 791 సీసీ. టార్క్ 66 న్యూటన్ మీటర్లకు కాస్త తక్కువ, పవర్ మాత్రం 70. సైజు దాదాపు ఒకటే, లాగే బలంలో తేడా పదో వంతు, పవర్‌లో మాత్రం ఇంచుమించు రెట్టింపు. ఈ రెట్టింపు ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని చక్రాల దాకా తీసుకెళ్లడానికి ఏం కావాలో ఆ కారు నడిపితేనే నాకు పూర్తిగా తెలిసింది.

నేను జపాన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఒక స్నేహితుడితో కలిసి రేసుకు తయారుచేసిన ఎస్800 కూపేని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ఎక్కువగా త్సుకుబా రేస్ ట్రాక్‌లో, అప్పుడప్పుడు సుజుకా ట్రాక్‌లో, ఎప్పుడైనా ఒకసారి ఫుజి ట్రాక్‌లో. ఇక్కడివాళ్లు ఈ కారుని ముద్దుగా 'ఎసుహాచి' అంటారు. కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ఇంజన్ ఎంత పవర్ ఇస్తోంది?" అని. నేనైతే ముందు గేర్ రేషియోలు అడుగుతాను, అంటే ఒక్కో గేర్‌లో చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఇంజన్ సంగతి. నాలుగు సిలిండర్లు, పైన వాల్వులను తెరిచే రెండు క్యామ్‌షాఫ్ట్‌లు, నాలుగు కార్బ్యురేటర్లు. 60 మిల్లీమీటర్ల బోర్ (సిలిండర్ వెడల్పు), 70 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం). ఫ్యాక్టరీ లెక్క ప్రకారం టార్క్ 6000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 6.7 కేజీఎం (టార్క్‌కి పాత కొలత, కిలోగ్రామ్ మీటర్లు), పవర్ 8000 దగ్గర 70 పీఎస్ (ఒక పీఎస్ దాదాపు ఒక హార్స్‌పవర్). టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 716తో భాగిస్తే పీఎస్ వస్తుంది. కాబట్టి 6000 దగ్గర ఈ ఇంజన్ ఇచ్చేది 56 పీఎస్. 8000 దగ్గర 70 రావాలంటే టార్క్ అక్కడ కూడా 6.2 పైనే ఉండాలి. అంటే ఆ రెండు వేల ఆర్‌పీఎం మధ్యలో టార్క్ పడిపోయేది చాలా తక్కువ. హోండా చేసిన అసలు గొప్ప పని ఇదే. 1960లలో ఇంత చిన్న ఇంజన్‌ని మామూలు రోడ్డు కారులో పెట్టి, 8000 ఆర్‌పీఎం దగ్గర ఊపిరాడేలా చేశారు.

నడిపేటప్పుడు ఇది ఎలా ఉంటుందంటే, 5000 కింద ఇంజన్ తిరుగుతుంది గానీ లాగదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా చప్పుడు పెరుగుతుందే తప్ప కారు కదిలినట్టు అనిపించదు. 6000 దాటాక గొంతు మారుతుంది, 7000 దగ్గర మొత్తం కారు బిగుసుకున్నట్టవుతుంది. అక్కడినుంచి 8500 దాకా సూది ఎక్కడా ఆగదు. ఆ పరుగంటే నాకు ఇప్పటికీ తగ్గని ఇష్టం. మా కారులో క్యామ్‌లు మార్చి ఉన్నాయి, కార్బ్యురేటర్లు కూడా రేస్‌వే. అందుకని ఆ పరుగు ఇంకా కాస్త పైన మొదలవుతుంది. కింద మిగిలింది ఇంకా తక్కువ.

ఇక్కడే గేర్లు రంగంలోకి వస్తాయి. 8500 దగ్గర గేర్ మార్చారనుకోండి. రెండు గేర్ల మధ్య దూరం ముప్పై శాతం ఉంటే ఇంజన్ 5950కి పడిపోతుంది. ఇరవై శాతమే ఉంటే 6800 దగ్గర నిలుస్తుంది. మామూలు ఇంజన్‌లో కూడా 5950 దగ్గర 56 కన్నా తక్కువ, 6800 దగ్గర 60 పైన ఉంటుంది. ఇంజన్‌లో ఒక్క నట్టు కూడా ముట్టుకోకుండా గేర్ మార్చిన ప్రతిసారీ ఆరేడు హార్స్‌పవర్ ఎక్కువ అందుతుంది. రేస్ క్యామ్ ఉన్న ఇంజన్‌లో ఈ తేడా ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ 6000 కింద నిజంగానే ఏమీ ఉండదు. రోడ్డు కోసం చేసిన దూరం దూరం రేషియోలు అలాగే ఉంచి పెద్ద క్యామ్ పెట్టిన ఎస్800లు ఇక్కడ చాలానే కనిపిస్తాయి. పవర్ కొలిచే డైనో యంత్రం ఇచ్చిన కాగితం మీద పవర్ పెరుగుతుంది, ట్రాక్ మీద ప్రతి గేర్ మార్పుకీ కారు ఒక క్షణం చచ్చిపోతుంది. చేతిలో ఉన్న డబ్బు క్యామ్‌కో గేర్‌బాక్స్‌కో ఒక్కదానికే సరిపోతే, గేర్‌బాక్స్‌కే పెట్టమంటాను. ఈ మాట విషయంలో నాకు ఎలాంటి సందేహమూ లేదు.

ఆ తర్వాతది ఫైనల్ డ్రైవ్, అంటే గేర్‌బాక్స్ తర్వాత వెనక చక్రాల దగ్గర ఉండే ఆఖరి గేర్ రేషియో. టాప్ గేర్ 1, ఫైనల్ డ్రైవ్ 5 అనుకుందాం. 165/70 ఆర్13 టైర్ చుట్టుకొలత దాదాపు 1.76 మీటర్లు. 8500 ఆర్‌పీఎం దగ్గర వేగం గంటకు 179 కిలోమీటర్లు దాటుతుంది. త్సుకుబాలో మా కారు అంత వేగం చేరే చోటే లేదు, వెనక స్ట్రెయిట్ 400 మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. అంటే టాప్ గేర్‌లో పై భాగమంతా వృథా. ఫైనల్ డ్రైవ్‌ని 5.4 చేస్తే అదే ఆర్‌పీఎంకి వేగం 166కి తగ్గుతుంది. కానీ ప్రతి గేర్‌లోనూ చక్రం దగ్గర లాగే బలం ఎనిమిది శాతం పెరుగుతుంది. టైర్‌తో కూడా ఇదే పని కొంత చేయొచ్చు. 175/60 ఆర్13 వేస్తే చుట్టుకొలత 1.70 మీటర్లకు దిగుతుంది, మూడు శాతానికి పైగా ఊరికే వచ్చినట్టే. టైర్ల షాపులో గేరింగ్ మార్చుకోవచ్చన్న సంగతి చాలామందికి తట్టదు. నేల నుంచి ఎత్తు కొంచెం తగ్గుతుంది, స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. రేస్ కారులో ఈ రెండూ లెక్కలోకి రావు.

గేరింగ్ మార్చాక నాకు పెద్ద తేడా తెలిసింది త్సుకుబా రెండో హెయిర్‌పిన్‌లో, అంటే కారు దాదాపు వెనక్కి తిరిగే ఇరుకు మలుపులో. ఇంతకుముందు అక్కడ సెకండ్ గేర్‌లో బయటికొస్తే ఇంజన్ 5000 దగ్గర మూలిగేది, ఆ మూలుగు వెనక స్ట్రెయిట్ సగం దాకా వెంటాడేది. ఇప్పుడు అదే వేగంతో మలుపు దాటితే ఇంజన్ 5500 దగ్గర ఉంటుంది. చూడటానికి చిన్న సంఖ్యే. కానీ పవర్ తక్కువున్న కారులో మలుపు దగ్గర పోగొట్టుకున్న నాలుగు కిలోమీటర్ల వేగం తిరిగి సంపాదించడానికి స్ట్రెయిట్ మొత్తం పడుతుంది. మారుతి 800 ఇంజన్‌తో కోయంబత్తూరు కరివర్ధన్ తయారుచేసిన ఫార్ములా మారుతి కార్లు నడిపినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. బ్రేక్ తక్కువ తొక్కడం, వేగాన్ని మలుపులోంచి మోసుకుపోవడం, సరైన గేర్‌లో సిద్ధంగా ఉండటం, చిన్న ఇంజన్ నేర్పేది ఇదంతా.

పవర్ ఒక్కటే గెలిపించదనడానికి జపాన్ రేసుల్లోనే మంచి ఉదాహరణ ఉంది. ఎస్800కి పాత ప్రత్యర్థి టొయోటా స్పోర్ట్స్ 800, ఇక్కడివాళ్ల భాషలో 'యోతాహాచి'. 790 సీసీ, గాలితో చల్లబడే రెండు సిలిండర్ల ఇంజన్. పవర్ 45 పీఎస్, అది కూడా 5400 దగ్గరే. టార్క్ మాత్రం 6.8 కేజీఎం, 3800 దగ్గర. అంటే ఎస్800 కన్నా వెంట్రుకవాసి ఎక్కువే! కారు బరువు 580 కిలోలు. 1965 జులైలో ఫునబాషి సర్క్యూట్‌లో జరిగిన రేసులో ఉకియా తోజిరో ఈ కారునే నడిపాడు. ఇకుజావా తెత్సు నడుపుతున్న హోండా ఎస్600ని ఢీకొని, పిట్‌లోకి వెళ్లి, పదహారో స్థానానికి పడిపోయి, అక్కడినుంచి అందరినీ దాటుకుంటూ వచ్చి గెలిచాడు. ఆ తర్వాతి నెలలోనే సుజుకాలో ప్రాక్టీస్ చేస్తూ ప్రమాదంలో పోయాడు, వయసు 23. ఇక్కడి పాత రేస్ అభిమానులు ఆయన పేరు ఎత్తితే ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఆ రోజు ఎదురున్న ఎస్600 606 సీసీ, 57 పీఎస్, బరువు దాదాపు 700 కిలోలు. ఒక్కో పీఎస్ మీద పడే బరువు పన్నెండు కిలోల పైన. టొయోటాకి అది పదమూడుకి కాస్త తక్కువ. తేడా చాలా చిన్నది. ఫునబాషి లాంటి మలుపుల ట్రాక్ మీద, కింది ఆర్‌పీఎంలోనే లాగే ఇంజన్ ఉన్న తేలిక కారుకి గేర్ తప్పినా పెద్దగా నష్టం లేదు. హోండాకి ప్రతి తప్పూ ఖరీదే. 1966 సుజుకా 500 కిలోమీటర్ల రేసులో టొయోటాలు పెట్రోల్ కోసం ఆగకుండా మొదటి రెండు స్థానాలు తీసుకున్నాయి. ఎస్800 వచ్చాక లెక్క మారింది. 720 కిలోలకు 70 పీఎస్, అంటే ఒక్కో పీఎస్‌కి పది కిలోల పైచిలుకు. పైగా 8000 దాకా తిరిగే ఇంజన్‌కి, 5400 దగ్గర ఆగే ఇంజన్ కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు పొట్టి గేరింగ్ (ఒకే వేగానికి ఇంజన్ ఎక్కువ చుట్లు తిరిగేది) పెట్టొచ్చు. టార్క్ సమానమే అయినా చక్రం దగ్గర లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. ఎక్కువ ఆర్‌పీఎం వల్ల లాభం అసలు ఇక్కడ వస్తుంది. గేరింగ్ రోడ్డు కారుదే ఉంచితే ఆ లాభం ఇంజన్‌లోనే ఉండిపోతుంది.

చైన్ల గురించి ఒక మాట. ఎస్500, ఎస్600, మొదటి ఎస్800లలో వెనక చక్రాలకు ఒక్కోదానికి ఒక చైన్ ఉండేది, మోటార్‌సైకిల్ కంపెనీ చేసిన కారని అక్కడే తెలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే కారు వెనక భాగం కూర్చోకుండా పైకి లేస్తుంది. ఒకసారి స్నేహితుడి ఎస్600 నడిపాను, సరదాగా ఉంది. కానీ రేసు కోసమైతే మామూలు ఇరుసు ఉన్న తర్వాతి ఎస్800నే తీసుకోండి, దాని ప్రవర్తన ముందే ఊహించొచ్చు.

ఇక కష్టాలు. పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్ ఒకే ముక్క కాదు, ముక్కలుగా చేసి ప్రెస్‌తో బిగించినది. లోపల రోలర్ బేరింగులు. రాపిడి తక్కువ కాబట్టే అన్ని ఆర్‌పీఎం సాధ్యం. కానీ బేరింగ్ పోతే క్రాంక్ మొత్తం విప్పి, మళ్లీ వరుసలో పెట్టి బిగించాలి. ఈ పని సరిగా చేసేవాళ్లు జపాన్‌లోనే తక్కువ. మా క్రాంక్‌ని ఒక వర్క్‌షాప్‌కి ఇస్తే వరుస సరిచూడకుండా బిగించి పంపారు. 7000 దాటగానే పెడల్స్ దాకా వణుకు వచ్చింది, మళ్లీ మొత్తం వేరేచోట చేయించాల్సి వచ్చింది. డబ్బు కన్నా సీజన్‌లో సగం పోయినందుకు ఎక్కువ బాధపడ్డాను. అప్పటినుంచి ఆయిల్ త్వరత్వరగా మారుస్తున్నాం, ఇంజన్ బాగా వేడెక్కేదాకా 5000 దాటనివ్వడం లేదు. బ్రేకులు, స్టీరింగ్ గురించి ఫిర్యాదు ఏమీ లేదు. లోపల వేడి ఎక్కువ, చప్పుడు విపరీతం, చెవులకు రక్షణ లేకుండా ఎక్కకండి.

ఫుజికి వెళ్లేటప్పుడు మాత్రం వెనక ఉన్న ఫైనల్ డ్రైవ్ గేర్లు మారుస్తాం. అక్కడి స్ట్రెయిట్ 1475 మీటర్లు. త్సుకుబా గేరింగ్‌తో వెళితే సగం దాటకముందే టాప్‌లో ఆర్‌పీఎం అయిపోతుంది, మిగతా దూరమంతా ఇంజన్‌ని హింసించడమే. ఒక రోజు పని, చేతులంతా నూనె. అయినా చేయాల్సిందే.

కొనేవాళ్లకు ఒక సూచన. అమ్మేవాళ్లు చెప్పిన రేషియోని నమ్మకండి, చాలామందికి తమ కారులో ఏముందో నిజంగానే తెలియదు. గేర్‌ని న్యూట్రల్‌లో పెట్టి, ఒక వెనక చక్రం నేల మీదే ఉంచి, రెండోదాన్ని జాకీతో లేపండి. గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దముక్కతో గీత గీయండి. లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఆ సంఖ్యే ఫైనల్ డ్రైవ్. చక్రం అసలు తిరగకపోతే లోపల లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఒంటరిగా తిరిగిపోకుండా పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్నట్టు. అప్పుడు రెండు చక్రాలూ లేపి, రెండూ కలిసి ఒక్క చుట్టు తిరిగేలా తిప్పి లెక్కపెట్టండి.