జపాన్ పెన్షన్ డబ్బు తెప్పించే ఏజెన్సీ: పని చేశారు, అసలు మాట చెప్పలేదు

టోక్యోలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో నాలుగేళ్ల రెండు నెలలు ఉండి కాకినాడ వచ్చేశాను. అక్కడ జీతంలో 9.15 శాతం పెన్షన్‌కి కోసేవారు, కంపెనీ కూడా అంతే కట్టేది. దేశం వదిలిన రెండేళ్లలోపు అడిగితే కొంత ఒకేసారి వెనక్కిస్తారు. పది శాతం ఫీజుకి ఆ పని ఒక ఏజెన్సీకి అప్పజెప్పాను. పేరు రాయను. నా రేటింగ్ రెండున్నర స్టార్లు.

ఆ అర స్టార్ నా ఇంటిపేరు పుణ్యమే. పాస్‌పోర్టులో అది పూర్తిగా ఉంది, బ్యాంకు పాస్‌బుక్కులో ఒక అక్షరం, పక్కన చుక్క. వాట్సాప్‌లో ఫొటో పెట్టిన పది నిమిషాల్లో పట్టేసి, ముందు ఖాతాలో పేరు సరిచేయించుకోమన్నారు. తర్వాత ఫారం మీద ముద్ర కోసం బ్యాంకుకి వెళ్తే కౌంటర్లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఈ గడిలో మా రౌండ్ సీల్ పట్టదండీ" అంది. చివరికి సగం గడిలో, సగం బయట కొట్టింది. అదీ చెల్లింది.

బోనస్‌తో కలిపి నా నెల సగటు 3 లక్షల యెన్‌లు. 48 నెలలకి 4.4 రెట్లు, అంటే 13,20,000. మిగతా రెండు నెలలు లెక్కలోకి రావు. 20.42 శాతం పన్ను పోను 10,50,456 పడింది. కోసిన 2,69,544 కూడా అక్కడ పన్ను ప్రతినిధిని పెట్టి తెప్పించారు. ఫీజు 1,32,000 యెన్‌లు, మన డబ్బులో 70 వేల పైమాటే.

నా బాధ ఫీజు గురించి కాదు. జపాన్ వెళ్లకముందు హైదరాబాద్‌లో ఆరేళ్లు ఈపీఎఫ్ కట్టాను, అందులో పెన్షన్ వాటా ముట్టుకోలేదు. 2016 అక్టోబర్ 1 నుంచి రెండు దేశాల మధ్య ఒప్పందం అమల్లో ఉంది. అక్కడి ఏళ్లూ ఇక్కడి ఏళ్లూ కలిపి చూస్తారు. జపాన్ పెన్షన్‌కి కావలసింది పదేళ్లు, నాకు కలిపితే పదేళ్ల రెండు నెలలు! 65 వచ్చాక, నేను వేసుకున్న లెక్క ప్రకారం, ఏడాదికి లక్షన్నర యెన్‌ల పైనే బతికున్నన్నాళ్లూ వచ్చేది. తొమ్మిదేళ్లు అందుకుంటే ఇప్పుడు చేతికొచ్చింది దాటిపోయేది. ఒకేసారి తీసుకున్నందుకు జపాన్‌లో కట్టిన కాలమంతా రద్దు, లెక్కలోకి రాని ఆ రెండు నెలలతో సహా.

ఫోన్ చేసి అడిగితే, "మీరు రిఫండ్ అడిగారు సార్, మేం తెప్పించాం" అన్నారు. ఇక్కడ ఎన్నేళ్లు ఈపీఎఫ్ కట్టారని ఒక్కసారైనా అడగొచ్చు కదా? ఫారంతో వచ్చే ఇంగ్లీషు కాగితంలో ఈ హెచ్చరిక ఉంది లెండి. డబ్బు కడుతున్నాను కదా, వాళ్లే చూసుకుంటారని నేనే చదవలేదు.

నా రూమ్మేట్ మార్చిలో వచ్చేస్తున్నాడు. ఇక్కడ వాడి పేరున ఈపీఎఫ్ లేదు, జపాన్‌లో ఉన్నది రెండేళ్లే, అందుకని వాడు డబ్బు తీసేసుకుంటాడు. ఫారం తనే నింపి సుగినామీలోని జపాన్ పెన్షన్ సర్వీస్‌కి పోస్టు చేస్తాడట. పన్ను ప్రతినిధిగా ఉండటానికి అక్కడే ఉన్న మా ఫ్రెండ్ ఒప్పుకున్నాడు, ఫీజు ఒక బిర్యానీ.