ఒకే గదిలో కనిపించని ఇద్దరు: ‘ద గర్ల్ హూ ప్లేయ్డ్ విత్ ఫైర్’

స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ ‘మిలీనియం’ నవలల్లో రెండవదాని ఆధారంగా డానియెల్ ఆల్ఫ్రెడ్సన్ తీసిన ఈ స్వీడిష్ చిత్రం 2009లో విడుదలైంది. అదే ఏడాది వచ్చిన మొదటి భాగానికి దర్శకుడు నీల్స్ ఆర్డెన్ ఓప్లెవ్. దర్శకుడు మారిన సంగతి చూస్తున్న కొద్దిసేపటికే తెలిసిపోతుంది. ఒక దీవి, ఒక సంపన్న కుటుంబం, నలభై ఏళ్ల క్రితం అదృశ్యమైన ఒక బాలిక చుట్టూ అల్లుకున్న ఆ కథలోని బిగి ఇక్కడ అంతగా కనిపించదు.

అక్రమ రవాణాకు గురైన స్త్రీల గురించి ‘మిలీనియం’ పత్రిక కోసం పరిశోధన చేస్తున్న ఒక యువ పాత్రికేయుడు, అదే విషయంపై సిద్ధాంత వ్యాసం రాస్తున్న అతని సహచరి తమ ఇంట్లోనే హత్యకు గురవుతారు. దొరికిన తుపాకీ మీద ఈ నవలల కథానాయిక, కంప్యూటర్ హ్యాకర్ లిస్బెత్ సలాండర్ వేలిముద్రలుంటాయి. పోలీసులూ పత్రికలూ ఆమెను ఉన్మాదిగా తీర్మానించిన ఆ సమయంలో ఆమె నిర్దోషి అని పట్టుబట్టి నిలిచేవాడు ‘మిలీనియం’ సంపాదకుడు మికాయెల్ బ్లూమ్‌క్విస్ట్. ఇంతకు మించి కథ చెప్పడం చూడబోయేవారికి అన్యాయం చేయడమే అవుతుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించినది, ఈ ఇద్దరూ చిత్రమంతటా దాదాపు ఎదురుపడకపోవడం. తన కంప్యూటర్‌లోకి ఆమె రహస్యంగా ప్రవేశిస్తుందని తెలిసిన బ్లూమ్‌క్విస్ట్ ఆమె కోసం అందులోనే మాటలు రాసి ఉంచుతాడు. ఆమె ఎక్కడో ఒంటరిగా కూర్చుని వాటిని చదువుకుంటుంది. ఒకరినొకరు చూసుకోకుండానే ఇద్దరి మధ్య నమ్మకం పెరగడాన్ని తెర మీద చూపడం తేలిక కాదు. ఆ భారాన్ని సలాండర్‌గా నటించిన నూమి రాపాస్ తన ముఖంతోనే మోసింది. చదువుతున్నప్పుడు ఆమె కళ్లు ఒక క్షణం మెత్తబడి, మరుక్షణమే మళ్లీ గట్టిపడతాయి. ఒక్క మాట కూడా లేని అలాంటి చోట్లే ఈ చిత్రానికి ప్రాణం. 2017లో మరణించిన మికాయెల్ నైక్విస్ట్ బ్లూమ్‌క్విస్ట్‌ను వీరుడిగా కాక, అలసిపోయినా పట్టు వదలని పాత్రికేయుడిగా నిలబెట్టారు.

లోపాలూ చిన్నవేమీ కావు. రెండు, మూడు భాగాలను తొలుత టెలివిజన్ కోసం తలపెట్టి, మొదటిదానికి దక్కిన ఆదరణ తరువాత థియేటర్లకు తెచ్చారు. ఆ మూలం దాగలేదు: దృశ్యాలు ఎక్కువగా గదుల్లోనే, దగ్గరి షాట్లలోనే నడుస్తాయి, స్టాక్‌హోమ్ నగరం ఒక పాత్రగా ఎదగదు. నవల ఆరంభంలో కరీబియన్ దీవి గ్రెనడాలో సాగే సుదీర్ఘ భాగం దాదాపు కనుమరుగైంది. రెండు గంటల నిడివిలో అది తప్పదని ఒప్పుకుంటాను గాని, సలాండర్ ఏకాంతాన్ని పాఠకుడు అర్థం చేసుకునేది అక్కడే. నొప్పి తెలియని భారీకాయుడి పాత్ర పుస్తకంలో భయపెట్టింది, తెర మీద మాత్రం కొంత అతిశయంగా అనిపించింది. అతనితో తలపడే పావొలో రాబెర్తో నిజజీవితంలోనూ బాక్సరే, నవలలో తన పేరుతోనే ఉన్న పాత్ర. చిత్రంలోనూ ఆయనే దానిని పోషించారు.

అయినా కథకు మూలమైన కోపం చెక్కుచెదరలేదు. మొదటి నవల స్వీడిష్ పేరుకు ‘స్త్రీలను ద్వేషించే పురుషులు’ అని అర్థం. 2004లో, తన పుస్తకాలు అచ్చు కాకముందే, యాభై ఏళ్లకే కన్నుమూసిన లార్సన్ ఆ మాటను మూడు నవలల్లోనూ వదలలేదు. ఒక బాలికకు ఇంట్లో జరిగిన అన్యాయాన్ని కప్పిపుచ్చడానికి పెద్ద వ్యవస్థలు ఎలా ఏకమవుతాయో ఈ భాగం మెల్లగా విప్పుతుంది, ఆ క్రమాన్ని ఆల్ఫ్రెడ్సన్ ఎక్కడా తొందరపెట్టలేదు.

ఇంగ్లీషు అనువాద సంభాషణలతో కాక, స్వీడిష్ ధ్వనితో, సబ్‌టైటిల్స్‌తో చూడాలని నా సూచన. సలాండర్ పొడిమాటల్లోని కరకుదనం ఆ భాషలోనే వినిపిస్తుంది. పేర్లు మొదట తికమక పెడతాయి కనుక మొదటి భాగాన్ని ముందే చూసి ఉండడం అవసరం. హింస తీవ్రంగా ఉంటుంది, పిల్లలతో కలిసి చూడదగినది కాదు. కథ ముగియవలసిన చోట కాక, తెగిన దారంలా ఆగిపోతుంది; మూడవ భాగం సరిగ్గా అక్కడే అందుకుంటుంది. అందువల్ల దానిని కూడా అందుబాటులో ఉంచుకుని, రెండు రాత్రులు కేటాయించుకుని మొదలుపెట్టండి.