పంచారామాలు చూసేశాక డెల్టాలో ఇంకేం చూడాలి?

గోదావరి జిల్లాలకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ద్రాక్షారామం, సామర్లకోట, అంతర్వేది చుట్టేసి, డిండిలో ఒక రాత్రి ఉండి వెళ్లిపోతుంటారు. అదే దారిలో రెండు మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్తే వెయ్యేళ్లనాటి శిల్పం ఉంది, తుఫాన్లకు కొట్టుకుపోయిన ఓడరేవు ఉంది, నది మీంచి దాటించిన కాలువ ఉంది, ఇప్పటికీ ఇంటి అరుగుల మీద నడుస్తున్న చేతిపనులు ఉన్నాయి. వీటిలో చాలావాటికి టికెట్టు లేదు, గైడు లేడు, సరైన బోర్డూ ఉండదు. అందుకే ఏది ఎంతసేపటి పని, ఏ వేళకు వెళ్లాలి, ఎక్కడ దిగాలి అన్నది ముందే తేల్చుకుని బయలుదేరాలి.

డెల్టాలో దూరాన్ని కిలోమీటర్లతో కొలవకండి, గోదావరి పాయలతో కొలవండి. గౌతమి, వైనతేయ, వశిష్ఠ: ఒకరోజు ప్లానులో వీటిని ఎన్నిసార్లు దాటాల్సి వస్తుందో చూసుకోండి. సఖినేటిపల్లి రేవులో నిలబడితే నర్సాపురం ఎదురుగానే కనిపిస్తుంది. పంటు (జనాన్ని, బళ్లను నది దాటించే పడవ) నడవకపోతే మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే. ఒక రోజును ఒకే లంకకో (పాయల మధ్య భూమికో), ఒకే గట్టుకో పరిమితం చేస్తే ప్రయాణం హాయిగా సాగుతుంది.

మొదటి రోజు బిక్కవోలుకు ఇవ్వండి. రాజమండ్రి–సామర్లకోట రైలు మార్గంలోనే ఉంది, ప్యాసింజర్లు ఆగుతాయి. ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు సామర్లకోటలో దిగి రోడ్డున రావచ్చు. చాలామంది లక్ష్మీగణపతిని చూసి, ఆయన చెవిలో కోరిక చెప్పి వెనక్కి తిరుగుతారు. తూర్పు చాళుక్యులు 9, 10 శతాబ్దాల్లో కట్టించిన గుళ్లు ఊళ్లోనూ ఉన్నాయి, ఊరి పక్క పొలాల్లోనూ ఉన్నాయి. ఊళ్లో గోలింగేశ్వరుడు, రాజరాజేశ్వరుడు, చంద్రశేఖరుడు ఉన్నారు. పొలాల్లోని గుళ్లను ఊరివాళ్లు కంసాలగుడి, నక్కలగుడి అంటారు. పురావస్తు శాఖ పేర్లతో అడిగితే దారి చెప్పేవాళ్లు తక్కువ, ఈ పేర్లతో అడిగితే పిల్లలు కూడా చూపిస్తారు.

గోలింగేశ్వరాలయంలో పార్వతిని దగ్గరకు తీసుకుని నిలబడ్డ శివుడి ఆలింగన మూర్తి దగ్గర కాసేపు ఆగండి. డెల్టాలో చూడాల్సిన శిల్పం ఒక్కటే అంటే మా ఓటు దీనికే. పొలాల్లోని గుళ్లలో గర్భగుడి తాళం వేసి ఉన్నా నష్టం లేదు, చూడాల్సినదంతా బయటి గోడల మీదే ఉంది. గోడలో విగ్రహం కోసం తీసిన గూడు (కోష్ఠం), దాని నెత్తిన మొసలిలాంటి మకరాలు చెక్కిన తోరణం, ఆ పైన అంతస్తులు అంతస్తులుగా తగ్గుతూ పోయే విమానం (గర్భగుడి మీది శిఖరం) కనిపిస్తాయి. తోరణాన్ని కింది నుంచి పైకి కాకుండా, రెండు చివర్ల మకరాల నోటి దగ్గర మొదలుపెట్టి మధ్యకు చూసుకుంటూ రండి. అప్పుడే ఆ తీగల అల్లిక అర్థమవుతుంది. చలికాలంలో దక్షిణం గోడకు పొద్దున్నే ఏటవాలు ఎండ తగిలి చెక్కడం లోతు తేలుతుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే అదే గోడ చప్పగా, మొద్దుగా కనిపిస్తుంది.

ఈ గుళ్లకు సార్వా (వానాకాలం వరి) నాట్లప్పుడు వెళ్తే గట్ల మీద బురద, జారుడు, పాముల భయం. సార్వా కోతలయ్యాక, దాళ్వాకు (రెండో పంటకు) నీళ్లు పెట్టేలోపు దొరికే కొద్దిరోజులు మంచి అదను. రైతు గట్టు మీద నడుస్తున్నామని గుర్తుంచుకుని, మడిలోకి దిగకుండా, ఎవరైనా కనిపిస్తే ఒకమాట అడిగి వెళ్లడం మర్యాద.

ద్రాక్షారామం అందరూ చూసేదే, కానీ చూడాల్సింది వదిలేసి వస్తారు. రెండంతస్తుల్లో భీమేశ్వర లింగాన్ని దర్శించుకుని బయటపడతారు. ఆ ప్రాకారాల్లో, మండపాల స్తంభాల మీద వందల శాసనాలున్నాయి. తెలుగు భాష చరిత్రకు, తూర్పు చాళుక్యుల, చోళుల కాలపు లెక్కలకు ఇంత పెద్ద రాతి దస్తరం ఇంకోచోట దొరకడం కష్టం. చాలా శాసనాల విషయం ఒకటే: దేవుడి ముందు అఖండ దీపం వెలగాలి. దానికి దాత ఒక మంద పశువుల్నో గొర్రెల్నో ఇస్తాడు. వాటిని తీసుకున్న బోయ (పశువుల కాపరి) రోజూ మానెడు నెయ్యి పోయాలి. ఆ బాధ్యత అతని పిల్లల తరానికీ వెళ్తుంది. ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఏ రాజు ఎన్నో ఏట అన్నది అంతా రాతి మీదే ఉంది. దాదాపు వెయ్యేళ్ల కిందట ఈ ఊళ్లో నెయ్యి ఎవరు కొలిచేవారో పేరుతో సహా తెలియడం మామూలు సంగతి కాదు.

చదవడానికి చిన్న టార్చి చాలు. అక్షరాలకు ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. స్తంభానికి ఆనించినట్టు పక్క నుంచి వేస్తే గంట్లలో నీడపడి అక్షరం లేస్తుంది. సున్నం, రంగు పూతలు నిండిపోయిన చోట ఆశ వదులుకోవాలి. సుద్దముక్కతో రుద్దడం, పిండి పూయడం, గోకడం అస్సలు వద్దు. ఫోటోలకు ముందు సిబ్బందిని అడగండి. మధ్యాహ్నం పన్నెండు తర్వాత దర్శనం ఆగిపోతుంది, మళ్లీ మూడింటికి గానీ తలుపులు తీయరు. కార్తీక మాసంలో, ముఖ్యంగా సోమవారాలు, పంచారామాల బస్సులన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. ఆ రోజుల్లో శాసనం దగ్గర నిలబడటానికే చోటుండదు.

కాకినాడ–సామర్లకోట రోడ్డు మీద మాధవపట్నం తోలుబొమ్మలాట కళాకారుల ఊరు. బొమ్మ కొనాలన్నా, ఆట చూడాలన్నా చెప్పకుండా వెళ్లి లాభం లేదు. ఆటంటే తెర, దీపం, వాద్యాలు, పాడేవాళ్లు, ఆడించేవాళ్లు అందరూ కుదరాలి. ముందే మాట్లాడుకుంటే గంటసేపు ప్రదర్శన కట్టించుకోవచ్చు, కేతిగాడు, బంగారక్కల హాస్యం కూడా పెట్టమని అడగండి. ఇక బొమ్మ ఎంపిక. మేక తోలును పలచగా గీసి, రెండువైపులా రంగు వేసి, నగల గీతల్ని ఉలితో చిల్లులు పొడిచి తీస్తారు. కొనేముందు బొమ్మను వెలుతురుకు ఎత్తిపట్టండి. రంగు లోపలినుంచి వెలుగుతున్నట్టుంటే తోలు సరిగ్గా పలచబడినట్టు. మసకగా, మచ్చలు మచ్చలుగా ఉంటే తోలు మందంగా మిగిలినట్టు. చేతులు, మోచేతుల కీళ్లు దారంతో కట్టి ఉంటాయి, అవి లాగకుండా తిరగాలి. గోడకు వేలాడదీసే అలంకారం బొమ్మల్లో చాలావాటికి ఈ కీళ్లుండవు, ధర తక్కువకు వచ్చేది అందుకే. ఇంటికి తెచ్చాక తేమ తగిలితే అంచులు చుట్టుకుపోతాయి. చుట్టి పెట్టకుండా రెండు అట్టల మధ్య చదునుగా ఉంచండి. బేరం ఆడేటప్పుడు ఒక పెద్ద బొమ్మ వెనక ఎన్ని రోజుల పని ఉందో అడిగి తెలుసుకుని ఆడండి.

కాకినాడ నుంచి యానాం దారిలో కోరంగి వస్తుంది. మడ అడవి చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు, ఊరి చరిత్ర అడిగేవాళ్లు మాత్రం లేరు. ఒకప్పుడు ఓడలు కట్టి, మరమ్మతు చేసి, బర్మాకు జనాన్ని పంపిన రేవు ఇది. 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ముంచెత్తాక రేవు కోలుకోలేదు. పాత రేవు ఆనవాళ్ల కోసం వెతికితే నిరాశే. మడలోకి వెళ్లడమే ఆ చరిత్ర తెలుసుకునే దారి, ఎందుకంటే రేవును పూడ్చిన ఒండ్రు మీదే ఈ అడవి నిలబడుతోంది. పడవ సంగతి సముద్రపు పోటు (నీరు పైకెక్కడం), పాటు (వెనక్కి తగ్గడం) మీద ఆధారపడి ఉంటుంది. పూర్తి పాటులో పాయల్లో నీళ్లుండవు, పడవ బురదలో ఆగుతుంది. పూర్తి పోటులో మడచెట్లు గాలి పీల్చుకునేందుకు బురదలోంచి పైకి తీసే ఊపిరివేళ్లు మునిగిపోతాయి, చూడాల్సింది కనపడదు. పోటు మొదలవుతున్న వేళ ఎక్కితే రెండూ దక్కుతాయి. ఆ రోజు పోటు ఎప్పుడో పడవవాళ్లకు తెలుస్తుంది, ముందురోజే అడగండి. చెక్కవంతెన నడక ఎప్పుడైనా బాగుంటుంది. వాయుగుండం హెచ్చరిక ఉంటే పడవలు కట్టేస్తారు.

యానాంకు పూట చాలు. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు, ఇప్పటికీ పుదుచ్చేరి పరిధిలోనిదే. సెయింట్ ఆన్స్ చర్చి, పాత వీధుల తీరు, గౌతమి ఒడ్డు చూసుకుని బాలయోగి వంతెన మీదుగా కోనసీమలోకి దిగిపోవచ్చు. శని, ఆదివారాల్లో మందు కోసం వచ్చే జనంతో లాడ్జీలు నిండిపోతాయి, కుటుంబంతో ఉండటానికి ఆ రెండు రాత్రులు వద్దు.

కోనసీమలో అందరూ కొబ్బరిచెట్లు చూసి వెళ్తారు, పి.గన్నవరం అక్విడక్టు దగ్గర ఆగేవాళ్లు తక్కువ. గౌతమికి, వశిష్ఠకు నడుమ ఉన్న భూమిని వైనతేయ మళ్లీ రెండుగా చీలుస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) నుంచి వచ్చిన కాలువ నీళ్లు పడమటి లంకకు అందాలంటే వైనతేయను దాటాలి. కాలువనే వంతెనెక్కించి నది మీంచి దాటించారు. 1850లలో కట్టిన ఆ పాత అక్విడక్టుకు 49 ఖానాలు. 2000లో పక్కనే కొత్తది కట్టి, ఆకలన్నవాడికి లేదనకుండా అన్నం పెట్టిన ఈ ఊరి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కొత్తదాని మీద నిలబడి పక్కకు చూస్తే పాత ఇటుక, రాతి కమానులు వరసగా కనిపిస్తాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి పైన నీళ్లుండవు. ఆగస్టు వరదల్లో కింద ఖానాలు కనపడవు. నవంబరు నుంచి మార్చి దాకా పైన కాలువ, కింద నది రెండూ చూడొచ్చు. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియంలో నమూనాలు ముందు చూసి వస్తే ఈ కట్టడం ఇంకా బాగా బోధపడుతుంది.

వైనతేయ పడమటి ఒడ్డునే ఆదుర్రు బౌద్ధ స్తూపం. మామిడికుదురు నుంచి ఆటో మాట్లాడుకోండి, తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి, అక్కడ మరోటి దొరకదు. తెలియక వెళ్తే ఇటుకల దిబ్బే. తెలిసి చూస్తే పునాది బండిచక్రంలా కనిపిస్తుంది: మధ్యలో కుంభి, చుట్టూ ఆకులు, బయట పట్టా. ఆకుల మధ్య ఖాళీలను మట్టితో నింపితే ఇటుక ఖర్చు తగ్గుతుంది, పైనున్న అండం (స్తూపం గుండ్రటి గుమ్మటం) బరువు సమంగా దిగుతుంది. అరగంట చాలు. నీడ తక్కువ, నీళ్లసీసా తప్పనిసరి.

ర్యాలి జగన్మోహిని కేశవస్వామి విగ్రహాన్ని మాత్రం వెనక్కి వెళ్లి చూడాలి. ఒకే నల్లరాయి: ముందు విష్ణువు, వెనక మోహిని. అర్చకులు దీపం పట్టుకుని కొప్పు ముడి, నగలు, తొడ మీది పుట్టుమచ్చ దాకా చూపిస్తారు. రద్దీ ఉంటే వెనకవైపు తొందరగా పంపేస్తారు, అందుకే వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి. వాడపల్లి వెంకటేశ్వరుడి కోసం జనం పోటెత్తే శనివారం ఈ రోడ్డు ఎక్కకపోవడమే మంచిది. పక్కనే ఆత్రేయపురం, పూతరేకులు అక్కడే తినండి. నిలవ ఉంచితే మెత్తబడతాయి.

వశిష్ఠ అవతల నర్సాపురం లేసు. 1840ల ప్రాంతంలో స్కాట్లాండు మిషనరీలు నేర్పిన పని, 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఏజెంటు నూలు ఇస్తాడు, ఆడవాళ్లు ఇళ్ల దగ్గర ముక్కలు అల్లుతారు. అది చేతిపని. వాటిని కలిపి టేబుల్ క్లాత్‌గా కుట్టడం అతుకుపని, అది వేరే చేతులు చేస్తాయి. నాణ్యత తెలిసేది అతుకులోనే. వెనక్కి తిప్పి రెండు చేతులా మెల్లగా లాగండి: ముక్కలన్నీ సమంగా సాగితే మంచిది, ఒకచోట ముడతపడితే ఉతికాక వంకరపోతుంది. షాపులో మిషను లేసు కూడా కలిపి అమ్ముతారు. చేత్తో అల్లిన క్రోషియా ముక్కల్లో రెండు పువ్వులు అచ్చంగా ఒక్కలాగే ఉండవు. కొంటే నేరుగా అల్లేవాళ్ల సంఘాల దగ్గర కొనండి. ఈ పనిలో కూలి ఎప్పుడూ తక్కువే, మధ్యలో చేతులు తగ్గినకొద్దీ వాళ్లకు కాస్త మిగులుతుంది.

తిరుగు రైలు రాజమండ్రిలో అయితే ఒక పూట దామెర్ల రామారావు చిత్రశాలకు ఉంచుకోండి. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయిన ఈ చిత్రకారుడు ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగొచ్చి 1923లో ఇక్కడే చిత్రకళాశాల పెట్టాడు. అసలు బొమ్మల్ని ఇంత దగ్గరగా, ఇంత నిశ్శబ్దంగా చూసే వీలు పెద్ద నగరాల్లో దొరకదు. అద్దాల మీద వెలుతురు పడి మెరుస్తుంది, ఎదురుగా కాకుండా కాస్త పక్కకు జరిగి చూడండి. సెలవు రోజు, వేళలు ముందే కనుక్కోండి.

బస విషయంలో మా సలహా: బిక్కవోలు, ద్రాక్షారామం, మాధవపట్నం, కోరంగి, యానాంలకు కాకినాడ. పి.గన్నవరం, ఆదుర్రులకు అమలాపురం. ర్యాలి, ధవళేశ్వరం, చిత్రశాలకు రాజమండ్రి. డిండి రిసార్టుల్లో నది ఒడ్డు హాయి నిజమే, కానీ పై చోట్లకు దూరం, సంక్రాంతికి గదులు నెలల ముందే అయిపోతాయి. నర్సాపురంలో లాడ్జీలు సాదావి, ఒక రాత్రికి సరిపోతాయి. కోనసీమ లోపలికి రైలు లేదు. పల్లెవెలుగు బస్సులు ప్రధాన రోడ్డు దాకా తెస్తాయి, అక్కణ్నుంచి షేర్ ఆటో. నలుగురుంటే రోజువారీ కారు లాభం. కారు మాట్లాడేటప్పుడు పంటు చార్జీ, వెయిటింగు, డ్రైవరు భోజనం ఎవరివో ముందే తేల్చుకోండి. సఖినేటిపల్లి, కోటిపల్లి రేవుల్లో ఆఖరి పంటు ఎన్నింటికో పొద్దున దాటేటప్పుడే అడిగి పెట్టుకోండి. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే పంటులు ఆగిపోతాయి, ఆ రోజు ప్లాను వంతెనల మీదుగా మార్చుకోవాలి.