నాష్, డిక్స్: ఎవరి యుద్ధ చిత్రాలు ముందు చూడాలి?

ఇద్దరూ చిత్రకారులు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులే, చెరో పక్షం.

పాల్ నాష్ బ్రిటిష్ అధికారి. 1917లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర కందకంలో పడి పక్కటెముక విరగడంతో ఇంటికి పంపేశారు. ఆ తర్వాత కొద్దిరోజులకే అతని దళంలో చాలామంది దాడిలో చనిపోయారు. అదే ఏడాది ప్రభుత్వ చిత్రకారుడిగా మళ్లీ అక్కడికే వెళ్లాడు. 1918 నాటి ‘మేం కొత్త లోకాన్ని నిర్మిస్తున్నాం’లో ఒక్క మనిషీ ఉండడు: మోడులైన చెట్లు, గుంటలు పడ్డ నేల, ఎర్రటి మబ్బుల పైన సూర్యుడు. సర్కారు పనిలో ఉంటూ ఇంత వెటకారం చేయగలగడం విశేషమే.

జర్మన్ ఒట్టో డిక్స్ స్వచ్ఛందంగా సైన్యంలో చేరి మెషిన్‌గన్ పేల్చినవాడు. ఫ్రాన్స్‌లో సోమ్ పోరు చూశాడు. అతని ‘యుద్ధం’ చిత్రమాల 1924లో గానీ రాలేదు. రాగిరేకులపై ఆమ్లంతో చెక్కి అచ్చువేసిన 50 చిత్రాలు. ఆమ్లం లోహాన్ని తినేసిన గుర్తులే కుళ్లిన చర్మంలా కనిపిస్తాయి. విషయానికి ఇంతగా అతికిన పద్ధతి అరుదు. గ్యాస్ ముసుగుల్లో మీదికొచ్చే సైనికుల బొమ్మ ఇందులోదే. 1933లో నాజీలు అతన్ని డ్రెస్డెన్ కళా అకాడమీ ఉద్యోగం నుంచి తీసేశారు.

కొత్తవారికి నాష్ సులువు. నా ఓటు మాత్రం డిక్స్‌కే: నాష్ నేల గాయాలు చూపాడు, డిక్స్ మనుషులవి.