టెన్నిస్‌లో 200వ ర్యాంకు దాటిన ఆటగాణ్ణి గమనించడానికి ఏది మేలు: ర్యాంకా, స్కోరా, ఎంట్రీ లిస్టా?

"మావాడు ఈ వారం రెండు మ్యాచ్‌లు గెలిచాడు, అయినా ర్యాంకు పడిపోయింది, ఎందుకు?" ఈ మధ్య తరచూ వస్తున్న ప్రశ్న ఇది. టాప్ టెన్ ఆటగాణ్ణి ఇష్టపడేవాళ్లకు ఈ బాధ లేదు, టీవీ పెడితే చాలు. 200కు అవతల ఉన్నవాణ్ణి అభిమానించేవాళ్లే దేన్ని నమ్ముకోవాలో తేల్చుకోవాలి.

సోమవారం కొత్త ర్యాంకు చూసుకోవడం అందరూ చేసేదే, తేలిక కూడా. కానీ ర్యాంకును తేల్చే పాయింట్ల ఆయుష్షు 52 వారాలే. పోయిన ఏడాది సంపాదించినవి ఈ ఏడాది అదే సమయానికి రాలిపోతాయి. పైగా అన్నిటికంటే కింది మెట్టయిన ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీల్లో, అంటే 15, 25 స్థాయి వాటిలో, వచ్చే పాయింట్లు ఒక వారం ఆలస్యంగా కలుస్తాయి. ఆదివారం కప్పు గెలిచాడని మర్నాడు పట్టికలో వెతికితే ఏమీ కనిపించదు.

మన దేశపు ఆటగాడు సుమిత్ నాగల్‌నే చూడండి. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ (అసలు పోటీకి ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు) దాటివచ్చి 31వ సీడ్ బుబ్లిక్‌ను ఓడించాడు. తర్వాతి నెలలో చెన్నై చాలెంజర్ (పెద్ద టోర్నీలకు ఒక మెట్టు కింది స్థాయి) గెలిచి తొలిసారి టాప్ 100లో అడుగుపెట్టాడు. జులైకి 68వ ర్యాంకు. 2025 జనవరిలో అదే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండ్‌లోనే ఓడాడు, పాత పాయింట్లు పోయాయి, ర్యాంకు మళ్లీ వంద దాటింది. ర్యాంకు ఒక్కటే చూసేవాళ్లకు అది పిడుగుపాటు. ఏ వారంలో ఎన్ని పాయింట్లు పోబోతున్నాయో రాసిపెట్టుకున్నవాళ్లకు ఆ ప్రమాదం డిసెంబరులోనే తెలుసు.

లైవ్ స్కోరులో టెన్షన్ ఉంటుంది, అదే దాని ఆకర్షణ. కానీ 6-7, 6-7తో ఓడాడంటే బాగా ఆడి ఓడాడో, చేతికందిన సెట్లు జారవిడిచాడో అంకెలు చెప్పవు. అది తెలియాలంటే వీడియో చూడాల్సిందే. చాలెంజర్ మ్యాచ్‌లు పురుషుల టెన్నిస్ నడిపే ఏటీపీ సైట్‌లో ఉచితంగా వస్తాయి. రెండో సర్వ్‌లో ధైర్యం పెరిగిందా, బ్రేక్ పాయింట్ దగ్గర బ్యాక్‌హ్యాండ్ వణుకుతోందా అన్నది కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. తీరిక ఉంటే ఇది వదులుకోవద్దు.

ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం నేను ఎంట్రీ లిస్టే అంటాను, అంటే ఏ టోర్నీలో ఎవరికి చోటు దక్కిందో చెప్పే జాబితా. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో 128 చోట్లుంటే 104 నేరుగా ర్యాంకును బట్టి దక్కుతాయి, 8 వైల్డ్ కార్డులకు (నిర్వాహకులు ఇచ్చే ఆహ్వానాలు), 16 క్వాలిఫయింగ్ గెలిచినవాళ్లకు. ఆ మెయిన్ డ్రా (అసలు పోటీ) జాబితాకు టోర్నీకి ఆరు వారాల ముందటి ర్యాంకే లెక్క. పురుషుల క్వాలిఫయింగ్‌లో మరో 128 మంది ఆడతారు, అందులో చోటు దక్కే ర్యాంకుల గీత 230 దరిదాపుల్లో పడుతుంది. 2025 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ తొలి మ్యాచ్ ఓడినవాళ్లకు కూడా 27,500 డాలర్లు దక్కాయి. 15 స్థాయి ఐటీఎఫ్ టోర్నీలోనైతే ఆటగాళ్లందరికీ కలిపి ఇచ్చేదే 15,000 డాలర్లు. 225లో ఉన్నవాడు కోచ్‌ను వెంట తీసుకెళ్లగలడు, 245లో ఉన్నవాడు ఒంటరిగా ప్రయాణిస్తాడు. ఈ గీత మనసులో ఉంటే, తెలియని ఊళ్లో జరిగే చాలెంజర్ రెండో రౌండ్ మ్యాచ్ ఎంత పెద్దదో అర్థమవుతుంది.

జాబితాలో కింద ఉండే ఆల్టర్నేట్ల పేర్లు కూడా చదవండి, పైవాళ్లెవరైనా తప్పుకుంటే చోటు దక్కేది వాళ్లకే. 2025 అక్టోబరులో షాంఘై మాస్టర్స్ గెలిచిన వాలెంటిన్ వాషెరో ర్యాంకు అప్పటికి 204. క్వాలిఫయింగ్‌లోకే ఆల్టర్నేట్‌గా వచ్చాడు. పైవాళ్లు తప్పుకోకపోతే సెమీస్‌లో జొకోవిచ్‌ను ఓడించే అవకాశమే వచ్చేది కాదు.

సోషల్ మీడియా గాయాల కబుర్లకు పనికొస్తుంది, అంతే. లైవ్ ర్యాంకింగ్ సైట్లు పాయింట్ల లెక్క మనమే వేసుకునే శ్రమ తప్పించుకోవడానికి బాగుంటాయి.

నేను రెండేళ్లుగా గమనిస్తున్న ఆటగాడు ఈ వారం ఒక చాలెంజర్ క్వాలిఫయింగ్ జాబితాలో మూడో ఆల్టర్నేట్. నిన్నటికి పైన ఇద్దరు తప్పుకున్నారు. ఇంకొక్కరు తప్పుకోవాలి.